ఈలాండ్, వైల్డ్‌బీస్ట్ వేటలో గురి ఎక్కడ? కాలిబర్ ఎంత?

దక్షిణాఫ్రికా, నమీబియా, జింబాబ్వేల్లో వేటకు వెళ్లొచ్చినవాళ్లు బ్లూ వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద ఆఫ్రికా జింక గురించి చెప్పే కథలు దాదాపు ఒకేలా ఉంటాయి. మొదటి బుల్లెట్ తగిలింది, తగిలిన చప్పుడు కూడా వినిపించింది, అయినా జంతువు మందలో కలిసి పరుగెత్తింది. గంటల తరబడి జాడ పట్టుకుని వెళ్తే గానీ దొరకలేదు. కథ చివర తీర్పు కూడా ఒకటే: ఈసారి ఇంకా పెద్ద రైఫిల్ తీసుకెళ్లాలి. అక్కడి ఇంకో రెండు పెద్ద జింకలు, జెమ్స్‌బాక్ గురించీ ఈలాండ్ గురించీ ఇదే మాట వినిపిస్తుంది.

ఈ తీర్పులో కొంత నిజం లేకపోలేదు. ఇవి మొండి జంతువులే. కానీ ఆ మొండితనం బయటపడేది మొదటి బుల్లెట్ చోటు తప్పినప్పుడే. గుండె పైభాగం నుంచి, రెండు ఊపిరితిత్తుల్లోంచి సరైన బుల్లెట్ దూసుకెళ్తే వైల్డ్‌బీస్ట్ కూడా మామూలుగా వంద, నూటయాభై మీటర్లలోపే పడిపోతుంది. అదే బుల్లెట్ జానెడు వెనక్కో పైకో పడితే మాత్రం రైఫిల్ ఎంత పెద్దదైనా రోజంతా వెతుకులాట తప్పదు, ఆ జంతువుకు అంతసేపూ నరకం తప్పదు. కాలిబర్ (రైఫిల్ గొట్టం లోపలి వ్యాసం) కంటే ముందు చోటు గురించి మాట్లాడాల్సింది అందుకే.

రైఫిల్ బుల్లెట్ జంతువును నెట్టి పడేస్తుందన్నది భ్రమ. 250 కిలోల శరీరాన్ని ఎత్తి పడేసేంత తాకిడి ఉంటే, కాల్చిన మనిషి కూడా అంతే గట్టిగా వెనక్కి పడాలి. బుల్లెట్ వల్ల ప్రాణం పోయే దారులు రెండు. మెదడో వెన్నుపామో తెగితే జంతువు ఉన్నచోటే కూలుతుంది. గుండె, ఊపిరితిత్తులు, వాటి మధ్యనున్న పెద్ద రక్తనాళాలు చీలితే రక్తపోటు పడిపోయి, మెదడుకు ఆక్సిజన్ అందక కూలుతుంది. ఈ రెండో దారికి కొన్ని సెకన్లు పడుతుంది. గుండె ఛిద్రమైనా, అప్పటికే ఒంట్లో ఉన్న ఆక్సిజన్‌తో పెద్ద జింక పది పదిహేను సెకన్లు పరుగెత్తగలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పది సెకన్లంటే సుమారు 140 మీటర్లు. కాబట్టి దెబ్బ తగిలాక పరుగు తీసినంత మాత్రాన గురి తప్పిందనుకోనక్కర్లేదు, తూటా చిన్నదైపోయిందనీ అనుకోనక్కర్లేదు.

మరి అక్కడికక్కడే పడేసే మెదడుకే ఎందుకు గురిపెట్టకూడదు? మెదడు చిన్నది, తల ఒక్కచోట నిలవదు. నాలుగు వేళ్లంత తేడా వస్తే దవడ ఎగిరిపోతుంది. ఆ జంతువు తప్పించుకుపోయి, మేయలేక, రోజుల తరబడి మాడి చస్తుంది. మందల సంఖ్య తగ్గించే పనిలో ఉండే ఆరితేరిన షూటర్లు తలకు కాలుస్తారు. వాళ్ల అలవాటు, వాళ్ల పరిస్థితులు వేరు. అప్పుడప్పుడూ వేటకెళ్లేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

అసలు చిక్కు గుండె ఉన్న చోటు దగ్గరే. అమెరికాలోనో యూరప్‌లోనో దుప్పుల్ని వేటాడి అలవాటైనవాళ్లకు జబ్బ వెనకాల, ఛాతీ నడిమి ఎత్తున గురిపెట్టడం నేర్పిస్తారు. మాంసం పాడవదు, ఊపిరితిత్తులకు తగులుతుంది, దుప్పికి అది సరిపోతుంది. ఆఫ్రికా పెద్ద జింకల మీద అదే గురి పెడితే బుల్లెట్ ఊపిరితిత్తుల వెనక అంచునో, కాలేయాన్నో, ఇంకాస్త వెనక్కి పోతే పెద్దపొట్టనో తాకుతుంది. వీటి గుండె, ఊపిరితిత్తులు వేటగాడు ఊహించుకునే చోటుకన్నా ముందుకూ కిందికీ ఉంటాయి, దాదాపు ముందుకాళ్ల మధ్యనే. జంతువు పూర్తిగా పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలి వెంట కంటిచూపును నిట్టనిలువుగా పైకి తీసుకెళ్లి, ఛాతీ లోతులో కింది నుంచి మూడోవంతు దగ్గర ఆపాలి. జబ్బ ఎముక పైనుంచి ముందుకు వాలుతుంది, దాని కింది ఎముక అక్కణ్నుంచి వెనక్కి మోచేయి వైపు వస్తుంది. ఆ రెండు ఎముకల వంపు వెనకాలే, మోచేయికి కాస్త పైన గుండె ఉంటుంది. అక్కడ కొడితే రెండు వేళ్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. పైకి పోతే ఊపిరితిత్తులు, పెద్ద రక్తనాళాలు. ముందుకు పోతే జబ్బ విరిగి జంతువు దూరం పోలేదు. కాస్త వెనక్కి పోయినా ఊపిరితిత్తులే. అదే జబ్బ వెనకాల గురిపెట్టినవాడికి వెనక్కి పోయే వెసులుబాటు అసలుండదు.

ఈ లెక్కను వైల్డ్‌బీస్ట్ రూపం తలకిందులు చేస్తుంది. ముందుభాగం ఎత్తుగా, వెనకభాగం వాలుగా ఉంటుంది. మెడ మీద జూలు, మెడ కింద గడ్డం వేలాడుతుంటాయి. జబ్బల పైన కనిపించే ఎత్తంతా ఛాతీ అనుకుంటే పొరపాటే. ఆ పైభాగంలో ఉన్నవి వెన్నుపూసల నుంచి నిక్కి ఉన్న పొడవాటి ముళ్లెముకలు, కండ మాత్రమే. వెన్నుపాము వాటి అడుగున, అనుకున్నదానికన్నా చాలా కిందుగా పోతుంది. దూరం నుంచి చూసే కన్ను మూపు పైఅంచు నుంచి రొమ్ము దాకా కొలిచి, మధ్యలో గురిపెడుతుంది. బుల్లెట్ ఊపిరితిత్తుల పైఅంచు మీదుగా పోతుంది. వైల్డ్‌బీస్ట్ మొండితనం గురించి చెప్పే కథల్లో పెద్ద వాటా ఈ ఎత్తు దెబ్బదే.

జెమ్స్‌బాక్‌తోనూ ఇదే ప్రమాదం ఉంది, పైగా అది ఇంకో మోసం చేస్తుంది. మూపులోని ముళ్లెముకలకు బుల్లెట్ తగిలితే ఆ అదురుకు వెన్నుపాము క్షణకాలం మొద్దుబారి, జంతువు పిడుగు పడ్డట్టు కూలిపోతుంది. వేటగాడు రైఫిల్ దించి పక్కవాడితో చేతులు కలుపుతుంటాడు. అర నిమిషంలో అది లేచి వెళ్లిపోతుంది. ప్రాణం పోయే గాయం ఏదీ అవ్వలేదు కాబట్టి ఇక దాన్ని పట్టుకోవడం కష్టం. మగ జెమ్స్‌బాక్ మెడ, జబ్బల మీది తోలు కూడా మందంగా ఉంటుంది. కొమ్ములతో పోట్లాడుకునే జాతికి ఆ కవచం అవసరమే.

ఈలాండ్ సంగతి వేరు. పేరుకు జింకే గానీ మగది 700 కిలోలు దాటడం మామూలే, పెద్దవి 900 కిలోలకు చేరతాయి. వైల్డ్‌బీస్ట్, జెమ్స్‌బాక్ మగవి 250 కిలోల అటూ ఇటూ ఉంటాయి, కుడు అనే ఇంకో జింకలో పెద్దవి కూడా అంతే. ముసలి మగ ఈలాండ్ మెడ కింద గంగడోలు పెద్దగా వేలాడుతుంది, పక్క నుంచి చూస్తే అది రొమ్ము గీతను కిందికి లాగినట్టు కనిపిస్తుంది. మూడోవంతు లెక్క కొలవాల్సింది గంగడోలు అంచు నుంచి కాదు, ముందుకాళ్ల మధ్య కనిపించే రొమ్ము నుంచి. స్వభావానికి ఈలాండ్ సాధువే, దానితో తంటా అంతా లోతుతోనే. అంత తోలు, కండ, ఎముక దాటి బుల్లెట్ అవతలి ఊపిరితిత్తి దాకా చేరాలి. దెబ్బతిన్న ఈలాండ్ పెద్దగా పరుగు తీయదు. దుడుకు నడకలో ఆగకుండా గంటలకొద్దీ పోతుంది, మనిషి అందుకోలేడు.

కుడుకు ఇంత హడావుడి అక్కర్లేదు. ఒళ్లు పెద్దదైనా తోలు పలుచన, చోటు తగిలితే త్వరగా పడుతుంది. సేబుల్ అనే జింకది మధ్యరకం, గాయపడ్డాక దగ్గరికి వెళ్లేటప్పుడే దానితో జాగ్రత్త.

జంతువు సరిగ్గా పక్కకు తిరిగి నిలబడే సందర్భాలు తక్కువ. అందుకే చర్మం మీద ఒక చుక్కను గుర్తుపెట్టుకోవడం కన్నా, లోపల గుండె చుట్టూ ఉన్న బంతంత జాగాను ఊహించుకుని, బుల్లెట్ దాని నడుమగా వెళ్లేలా దారి గీసుకోవడం మేలు. ముఖం అవతలికి వాలి ఏటవాలుగా నిలబడితే అవతలి ముందుకాలి జబ్బ మీద బుల్లెట్ తేలేలా గురిపెట్టాలి. అంటే ఇవతలివైపు అది పక్కటెముకల్లో కాస్త వెనకగా దిగుతుంది. ఏటవాలు మరీ ఎక్కువైతే దారిలో పెద్దపొట్ట అడ్డొస్తుంది. నెమరేసే జంతువు పొట్టలో ఉండేది బస్తాలకొద్దీ తడిగడ్డి, ఎంత వేగంగా పోయే బుల్లెట్‌నైనా అది మింగేస్తుంది. ఈలాండ్ విషయంలో ఈ ఏటవాలు దెబ్బ చాలాసార్లు లోపలే ఆగిపోతుంది. ముఖం ఇవతలికి వాలి ఉంటే దగ్గరి జబ్బ మొనకు లోపలివైపు, ఎదురుగా నిలబడితే మెడ రొమ్మును కలిసే గుంట. వెనక్కి తిరిగి ఉంటే కాల్చకూడదు. గాయపడి పారిపోతున్న జంతువును ఆపడానికి తప్ప వెనకనుంచి కాల్చడానికి ఏ సమర్థనా లేదు.

ఒక సరైన దెబ్బను దగ్గరగా చూస్తే ఈ మాటలన్నీ ఒక్కచోట కలుస్తాయి. మూడుకాళ్ల షూటింగ్ స్టిక్స్ మీద రైఫిల్ ఆనించి ఉంది, 120 మీటర్ల దూరంలో మగ వైల్డ్‌బీస్ట్ పక్కకు తిరిగి నిలబడింది, వెనకాల ఇంకో జంతువు లేదు. మోస్తరు కాలిబర్ .30-06 రైఫిల్ నుంచి 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలమానం) బాండెడ్ బుల్లెట్, అంటే లోపలి సీసాన్ని పై తొడుగుకు అతికించిన బుల్లెట్, ముందుకాలి గీతలో మూడోవంతు ఎత్తున తాకింది. తోలు, జబ్బ కండ దాటేలోపే దాని మొన పుట్టగొడుగులా విచ్చుకోవడం మొదలైంది. పక్కటెముకను విరిచి, ఇవతలి ఊపిరితిత్తిని చీల్చి, గుండె పైభాగంలోని నాళాల్ని తెంచి, అవతలి ఊపిరితిత్తిలోంచి, అవతలి పక్కటెముకల సందులోంచి పోయి అవతలి తోలు కింద ఆగింది. జంతువు వీపు ఒక్కసారి వంచి, తల దించి, నేలబారుగా పరుగు తీసింది. ఎనభై అడుగులు పోయాక కాళ్లు తడబడి కూలింది. తోలు ఒలిచేటప్పుడు ఆ బుల్లెట్ వేలికి గడ్డలా తగులుతుంది. బయటికి తీసి తూస్తే అసలు బరువులో ఎక్కువభాగం మిగిలే ఉంటుంది. ఈ దెబ్బలో కాలిబర్ చేసిన పని ఎంతో, బుల్లెట్ తయారీ చేసిన పని అంతకన్నా ఎక్కువ.

కాలిబర్ చర్చలో తరచూ వచ్చే పేరు కరమోజో బెల్. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఈ స్కాట్లండ్ వేటగాడు వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. వాటిలో చాలావాటిని 7×57 మౌజర్‌లాంటి చిన్న కాలిబర్‌తోనే చంపాడు. చిన్న రైఫిల్ చాలనడానికి దీన్ని రుజువుగా చూపిస్తుంటారు. బెల్ వాడినవి విచ్చుకోని గట్టి బుల్లెట్లు, గురి మెదడుకు, ఏనుగు పుర్రెను లోపలిదాకా చదువుకున్న మనిషి. ఆయన జీవితం చెప్పేది చోటు తెలిసినవాడి గురించి. చోటు తెలియనివాడికి అదే 7×57 అన్యాయం చేస్తుంది, పెద్ద కాలిబర్ .375 కూడా అంతే చేస్తుంది.

చట్టాలు ఈ విషయాన్ని జౌల్స్‌లో కొలుస్తాయి. నమీబియాలో కుడు, వైల్డ్‌బీస్ట్, ఒరిక్స్ (జెమ్స్‌బాక్), ఈలాండ్ అన్నింటికీ రైఫిల్ గొట్టం దగ్గర కనీస శక్తి 2,700 జౌల్స్. జింబాబ్వే నిబంధనలు మాత్రం ఈలాండ్‌ను సింహం, జిరాఫీల వర్గంలో చేర్చి కనీసం 7 మిల్లీమీటర్ల కాలిబర్, 4,300 జౌల్స్ అడుగుతాయి. కుడు, సేబుల్, వైల్డ్‌బీస్ట్‌లకు 3,000 జౌల్స్ చాలు. 180 గ్రెయిన్ల .30-06 తూటా దాదాపు 3,950 జౌల్స్ ఇస్తుంది. అంటే నమీబియాలో చట్టబద్ధంగా ఈలాండ్‌ను వేటాడగలిగిన రైఫిల్ సరిహద్దు దాటగానే చాలకుండా పోతుంది. జంతువు మాత్రం అదే. ఈ విషయంలో జింబాబ్వే ఆలోచనే సరైనదనిపిస్తుంది. 250 కిలోల కుడునూ 800 కిలోల ఈలాండ్‌నూ ఒకే గాటన కట్టడం ఈలాండ్‌కు న్యాయం కాదు.

అలాగని జౌల్స్ ఎక్కువైతే లోతు ఎక్కువని కాదు. .30-06లోనే 220 గ్రెయిన్ల బుల్లెట్ నెమ్మదిగా పోతుంది, శక్తి 180 గ్రెయిన్లదానికన్నా కొద్దిగా తక్కువే. కానీ తయారీ ఒకేలా ఉంటే కండలో ఎక్కువ లోతుకు దిగేది అదే. లావుకు తగ్గ పొడవు, బరువు ఉన్న బుల్లెట్ దారి తప్పకుండా పోతుంది. 7×57 మౌజర్‌కు 175 గ్రెయిన్ల బుల్లెట్‌తో, 1905లో జర్మనీలో వచ్చిన 9.3×62కు 286 గ్రెయిన్ల బుల్లెట్‌తో ఆఫ్రికాలో అంత మంచి పేరు రావడానికి కారణం ఇదే. రెండూ పెద్ద వేగాలేమీ కాదు.

వేగం ఎక్కువైనప్పుడు వచ్చే కష్టం వేరు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ నుంచి మెత్తటి మామూలు బుల్లెట్ యాభై మీటర్ల దూరంలో జబ్బ కీలును తాకితే అక్కడే ముక్కలైపోవచ్చు. పైకి భయంకరమైన గాయం కనిపిస్తుంది, లోపల ఊపిరితిత్తులు మాత్రం చెక్కుచెదరవు. 1946లో కెనడా అడవుల్లో జాన్ నోస్లర్‌కు ఎదురైంది ఇదే. బురద ఎండి అట్టకట్టిన ఒక పెద్ద మూస్ (అక్కడి భారీ దుప్పి) మీద వేగంగా పోయే బుల్లెట్లు లోపలికి దిగకుండా పైపైనే చెదిరిపోయాయి. బుల్లెట్ లోపల రాగి అడ్డగోడ కట్టి, ముందు సగం విచ్చుకునేలా, వెనక సగం గట్టిగా నిలిచేలా ఆయన చేసిన పార్టిషన్ బుల్లెట్ 1948లో అమ్మకానికి వచ్చింది. తర్వాత సీసాన్ని రాగి తొడుగుకు అతికించిన బాండెడ్ బుల్లెట్లు, 1989లో బార్న్స్ తెచ్చిన ఎక్స్ బుల్లెట్‌లాంటి పూర్తి రాగి బుల్లెట్లు వచ్చాయి. వీటి పుణ్యాన ఇవాళ ఒక మోస్తరు కాలిబర్ చేసే పని, వందేళ్ల కిందట పెద్ద కాలిబర్‌కు కూడా నమ్మకంగా సాధ్యమయ్యేది కాదు. పూర్తి రాగి బుల్లెట్ విచ్చుకోవాలంటే కొంత వేగం మిగిలి ఉండాలి, కాబట్టి చాలా దూరం నుంచి కాల్చేవాళ్లు అది చూసుకోవాలి. పొదల్లో వంద, నూటయాభై మీటర్ల వేటకు ఆ బెంగ లేదు. మందలో కాల్చేటప్పుడు ఇంకో బెంగ ఉంటుంది. ఇంత గట్టి బుల్లెట్ అవతలికి తేలి, వెనకున్న జంతువునూ గాయపరచవచ్చు. వెనక ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే.

ఇక ఎంపిక. కుడుకు .270, 7×57, .308 ఏదైనా మంచి బుల్లెట్‌తో చాలు. వైల్డ్‌బీస్ట్, జెమ్స్‌బాక్, సేబుల్‌లకు 180 గ్రెయిన్ల .30-06 నుంచి .300 మాగ్నమ్‌ల దాకా ఏదైనా సరే. ఈలాండ్‌కు మాత్రం .338 విన్‌చెస్టర్ మాగ్నమ్, 9.3×62, .375 హెచ్ అండ్ హెచ్‌లాంటివి నిజంగా పనికొస్తాయి. 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్ 300 గ్రెయిన్ల బుల్లెట్‌తో సుమారు 5,700 జౌల్స్ ఇస్తుంది, కోణం కాస్త తేడాగా ఉన్నా లోతుకు వెళ్తుంది. దక్షిణ టెక్సస్ గడ్డిభూముల్లో స్థిరపడిన మన మనుబోతు మీద కూడా అక్కడి గైడ్లు .300 మాగ్నమ్ స్థాయి రైఫిళ్లనే ఇష్టపడతారు. దాని మూపు, ముందుకు ఉన్న గుండె కూడా ఆఫ్రికా జింకల లెక్కకే దగ్గర.

పెద్ద కాలిబర్‌కు ఒక మూల్యం ఉంది. .375 తన్ను .30-06 కన్నా దాదాపు రెట్టింపు. నాలుగు తూటాలు కాల్చేసరికి భుజం నొప్పి పుట్టి, ఐదో దాని నుంచి ట్రిగ్గర్ నొక్కే క్షణాన ఒళ్లు బిగుసుకుంటుంది, కళ్లు మూసుకుపోతాయి. బుల్లెట్ జానెడు పక్కకు పోతుంది. అలా బెదిరిన మనిషి చేతిలో .375 ఉండటం కన్నా, బాగా అలవాటైన .30-06 ఉండటం జంతువుకు మేలు. మనిషి టెన్షన్ పడకుండా కాల్చగలిగిన రైఫిళ్లలో పెద్దదేదో అదే సరైన రైఫిల్. అది తేలేది బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని కాల్చినప్పుడు కాదు, నిలబడి స్టిక్స్ మీద కాల్చినప్పుడు. ఆఫ్రికాలో చాలా దెబ్బలు అలాగే పడతాయి కాబట్టి సాధనా అలాగే చెయ్యాలి.

దెబ్బ తగిలాక చేయాల్సిన మొదటి పని చూపు తిప్పకుండా బోల్ట్ లాగి రెండో తూటా ఎక్కించడం. జంతువు నిలబడి ఉన్నంతసేపూ, కోణం ఏదైనా సరే, మళ్లీ కాల్చాలి. పిడుగు పడ్డట్టు కూలితే ఇంకా అనుమానించాలి, అది మూపు దెబ్బ కావచ్చు. జాడ దగ్గర గులాబీ రంగు నురుగు రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, కాసేపు ఆగాలి. పచ్చటి గడ్డిపసరు కలిసి ఉంటే పొట్ట, అప్పుడు తొందరపడి తరిమితే అది ఇంకా దూరం పోతుంది. జాడ పట్టే ట్రాకర్ చెప్పినట్టు వినడమే దారి. గాయపడి దొరక్కపోయిన జంతువుకు కూడా పూర్తి రుసుము వసూలు చేయడం దక్షిణాఫ్రికా ప్రాంతంలో పాటించే పద్ధతి, అది న్యాయమే. పడిపోయిన జెమ్స్‌బాక్, సేబుల్‌ల దగ్గరికి ఎప్పుడూ వెనకవైపు నుంచే, తూటా ఎక్కించిన రైఫిల్‌తోనే వెళ్లాలి. జెమ్స్‌బాక్ కొమ్ములు మీటరు దాకా ఉంటాయి, చివరి ఊపిరిలో కూడా అది వాటిని గురి తప్పకుండా విసరగలదు. గొట్టం కొనతో కంటిని తాకి చూడాలి. రెప్ప కదిలితే ఇంకో తూటా కాల్చాలి.